గాడిద బండికి గురువు

డ్రైవర్ లేకుండా తనంతట తను నడిచే కారు ఒకటి తయారు చేస్తున్నానంటే మా ఆఫీసులో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. దాని పేరు 'డాంకీ కార్' అన్నప్పుడు మాత్రం అందరూ నవ్వారు. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ ఇంకా సూటిగా అడిగింది. "గాడిద బండా? లోను తీసుకుని ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా తల్లీ?"

పేరు నేను పెట్టింది కాదు. అమెరికాలోని ఓక్లాండ్‌లో, సొంతంగా కట్టుకున్న బుల్లి కార్లతో కొందరు పందేలు పెట్టుకునేవారు. ఆ పందేల కోసం 2017 ప్రాంతంలో విల్ రోస్కో, ఆడమ్ కాన్వే అనే ఇద్దరు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. తాళం వేసి దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఏ భాగాలు కొనాలో, ఏ వైరు ఎక్కడ కలపాలో కూడా రాసిపెట్టారు. గాడిద అని ఎందుకు పెట్టారో వాళ్లు చెప్పుకున్న కారణం నాకు భలే నచ్చింది. మనిషి మచ్చిక చేసుకుని బరువులు మోయించిన తొలి జంతువుల్లో గాడిద ఒకటి. మొండిది. పిల్లల దగ్గర వదిలినా భయం లేదు. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి సొంతంగా వెళ్లగలిగిన రోజున దేవతల పేర్లూ నక్షత్రాల పేర్లూ చూసుకోవచ్చు, అంతవరకూ గాడిదే అన్నారు. పేరులోనే ఇంత వినయం ఉన్న సాఫ్ట్‌వేర్ నా ఐదేళ్ల ఉద్యోగంలో ఇంకోటి తగల్లేదు.

చూడ్డానికి ఏముండదు. చెప్పుల డబ్బా కంటే కొంచెం పెద్ద రిమోట్ కారు. అసలు కారులో పదహారో వంతు సైజు. దాని పైన ఒక ప్లాస్టిక్ పలక, పలక మీద రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, ముందు ఒక గుండ్రటి కళ్ల కెమెరా. అంతే.

ఇంజనీరింగ్ చదివినవాళ్లకి 'లైన్ ఫాలోయర్' గుర్తుండే ఉంటుంది. నల్ల టేపు వెంట నడిచే రోబో. మన రాష్ట్రాల్లో ఏ కాలేజీ టెక్‌ఫెస్ట్‌కి వెళ్లినా ఒక పది కనిపిస్తాయి. అందులో తెలివేమీ లేదు. కింద రెండు సెన్సర్లుంటాయి. ఎడమదానికి నలుపు తగిలితే ఎడమకి తిరుగు, కుడిదానికి తగిలితే కుడికి తిరుగు. అది మనం రాసిపెట్టిన నియమం. గాడిద బండిలో అలాంటి నియమం ఒక్కటీ రాయం. గీత అంటే ఏమిటో, మలుపు అంటే ఏమిటో దానికి చెప్పం. మనం నడిపి చూపిస్తాం, అది చూస్తుంది. కెమెరా సెకనుకి ఇరవై ఫొటోలు తీస్తుంది. 160 చుక్కల వెడల్పు, 120 చుక్కల ఎత్తు, అంతకంటే పెద్దవి అక్కర్లేదు. ప్రతి ఫొటో పక్కన రెండే అంకెలు రాసుకుంటుంది. ఆ క్షణంలో మనిషి స్టీరింగ్ ఎంత తిప్పాడు, యాక్సిలరేటర్ ఎంత నొక్కాడు. పది నిమిషాలు నడిపితే 12 వేల ఫొటోలు. వాటిని న్యూరల్ నెట్‌వర్క్‌కి మేత వేస్తే, ఇలాంటి ఫొటో కనిపిస్తే ఆ మనిషి ఎంత తిప్పేవాడో ఊహించడం నేర్చుకుంటుంది. దాని చదువంతా అదే.

ఇక డబ్బు సంగతి. ఇది చెప్పకుండా మిగతాది చెబితే లాభం లేదు, ఎందుకంటే నన్ను అడిగినవాళ్లందరూ మొదట అడిగింది ఇదే.

విశ్వవిద్యాలయాల్లో వాడే బుల్లి కార్లు వేరే ఉన్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎఫ్‌వన్‌టెన్త్ అని ఒకటుంది, అసలు కారులో పదో వంతు. దాని డిజైను కూడా ఉచితమే. కానీ మీద పెట్టే లైడార్, అదే లేజర్ కిరణాలతో దూరం కొలిచే పరికరం, దాని ధరకి మా వీధిలో సెకండ్ హ్యాండ్ స్కూటీ వస్తుంది. అమెజాన్ వాళ్లు 2018లో డీప్‌రేసర్ అని పద్దెనిమిదో వంతు కారు తెచ్చారు, 399 డాలర్లు. డిజైను ఉచితమైనంత మాత్రాన కారు ఉచితం కాదు. ఓపెన్ సోర్స్ అనే మాట మన ఊళ్లకి వచ్చేసరికి ఎక్కువగా ఆగేది ఈ సామాన్ల బిల్లు దగ్గరే.

నా బిల్లు ఇది. రాస్ప్‌బెర్రీ పై ఐదున్నర వేలు. రిమోట్ కారు తొమ్మిది వేలు. వెడల్పుగా చూసే కెమెరా పన్నెండు వందలు. స్టీరింగ్‌కీ మోటారుకీ సంకేతాలు పంపే పీసీఏ9685 అనే చిన్న బోర్డు మూడు వందల యాభై. మెమరీ కార్డు ఐదు వందలు, పైన పలక ఏడు వందలు, అదనపు బ్యాటరీ, వైర్లు, టేపులు కలిపి ఇంకో పదిహేను వందలు. గేమ్ జాయ్‌స్టిక్ తమ్ముడిది, పవర్ బ్యాంకు నాది. మొత్తం 19 వేల లోపే.

ఇందులో తొమ్మిది వేల కారు దగ్గర ప్రతివాళ్లూ ఆగుతారు. బొమ్మల షాపులో ఎనిమిది వందలకి రిమోట్ కారు వస్తుంటే తొమ్మిది వేలెందుకు? బొమ్మ కారు స్టీరింగ్‌కి మూడే స్థానాలు. పూర్తిగా ఎడమ, తిన్నగా, పూర్తిగా కుడి. కొంచెం ఎడమ అనేది దానికి తెలియదు. హాబీ కారులో సర్వో మోటారు ఉంటుంది, వెంట్రుకవాసి తిప్పమన్నా తిప్పుతుంది. నేర్పాల్సిందే ఆ 'కొంచెం' అయినప్పుడు దాన్ని పలకలేని కారుకి ఏం నేర్పుతాం? ఇంకోటి, పైకి కరెంటు మోటారు బ్యాటరీ నుంచి ఇవ్వకూడదు. మోటారు ఒక్కసారి గుంజగానే వోల్టేజీ పడిపోయి, కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. కారు మాత్రం పోతూనే ఉంటుంది, కళ్లు మూసుకుని. అందుకే దానికి వేరే పవర్ బ్యాంకు.

కారు హైదరాబాద్‌లో నా గదిలోనే బిగించాను. నడపడానికి మాత్రం చోటు లేదు. అపార్టుమెంటు పార్కింగ్‌లో వాచ్‌మన్ రెండోరోజే వద్దన్నాడు. విజయవాడ శివార్లలో మా ఇంటి డాబా ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. సంక్రాంతి సెలవులకి కారుని బట్టల మధ్య పెట్టి తీసుకెళ్లాను.

మా నాన్న లారీ డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్లు నడిపాడు. గుంటూరు మిర్చి, నూజివీడు మామిడి, సిమెంటు, ఒక్కోసారి ఖాళీ సీసాలు. ఇప్పుడు 16 అంటున్న జాతీయ రహదారిని ఆయన ఇంకా పాత నంబరుతో 'ఐదు' అనే అంటాడు. ఎడమ మోకాలు క్లచ్ తొక్కడానికి ఒప్పుకోక నాలుగేళ్ల కిందట మానేశాడు. మా చిన్నప్పుడు పది పన్నెండు రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు, వచ్చి ఒక పగలంతా నిద్రపోయేవాడు. తమ్ముడిని ఒక వేసవిలో నెల్లూరు దాకా తీసుకెళ్లాడు. నన్నెప్పుడూ తీసుకెళ్లలేదు. ఆడపిల్లని క్యాబిన్‌లో ఎక్కించుకుంటే దారిలో స్నానాలకీ వాటికీ ఇబ్బంది అనేవాడు. అది అబద్ధమేం కాదు. కానీ ఫలితమేమిటంటే, మమ్మల్ని పోషించిన ఆ పని మా నాన్న ఎలా చేస్తాడో నేను పక్కన కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు.

డాబా మీద రోడ్డు గీయడం అమ్మ పని అయింది. భోగి ముందురోజు ఎలాగూ చేతిలో ముగ్గుపిండి ఉంది. రెండడుగుల వెడల్పు రోడ్డు, నాలుగు మలుపులు. ఒక మలుపు నీళ్ల ట్యాంకు పక్కనుంచి, ఒకటి బట్టల తీగ కిందనుంచి. అమ్మ గీసిన మలుపులు నేను కంప్యూటర్‌లో గీసినదాని కంటే గుండ్రంగా వచ్చాయి. అయితే నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రాలకి అంటుకుని ముగ్గు రోడ్డంతా పరుచుకుంది. "పొడి ముగ్గు నిలవదు, సున్నం కలుపుతానుండు" అని బకెట్‌లో కలిపి, పాత బ్రష్‌తో మళ్లీ గీసింది. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

మొదట నేనే నడిపి కొంత రికార్డు చేశాను. నాన్న కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక, "అట్లా కోస్తావేంటే, కూరగాయలా? ఇటివ్వు" అన్నాడు. జాయ్‌స్టిక్ ఆయన చేతిలో చిన్న పిల్లల గిలకలా ఉంది. స్టీరింగ్ బొటనవేలితో తిప్పడమేంటని విసుక్కున్నాడు. హారన్ ఎక్కడన్నాడు. లేదంటే, "హారన్ లేకుండా బండి ఎట్లా తీస్తారు రోడ్డు మీదకి" అన్నాడు. పది నిమిషాలు తంటాలు పడ్డాడు. పదకొండో నిమిషం నుంచి కారు గీతల మధ్య నూనె పోసినట్టు పోయింది. అటు ఇరవై చుట్లు, ఇటు ఇరవై చుట్లు నడిపించాను. ఒకే వైపు తిప్పితే కారుకి ఎడమ తప్ప కుడి తెలియకుండా పోతుంది.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో ఇద్దరి అంకెలూ గ్రాఫు వేసి చూశాను. నా గీత రంపం పళ్లలా ఉంది. అటూ ఇటూ, అటూ ఇటూ, గీత తాకబోయినప్పుడల్లా ఒక కుదుపు. నాన్నది చెరువు మీద చిన్న అలలా ఉంది. అంతకంటే ఆశ్చర్యం యాక్సిలరేటర్ దగ్గర. నేను మలుపులోకి దిగాక వేలు వదులుతున్నాను. ఆయన మలుపు ఇంకా రాకముందే, దాదాపు పది ఫ్రేములు ముందే వదులుతున్నాడు. పది ఫ్రేములంటే అర సెకను. నలభై చుట్లలోనూ, నాలుగు మలుపుల దగ్గరా, అదే అర సెకను. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన తన పని గురించి ఇంట్లో చెప్పింది బహుశా ముప్పై వాక్యాలు ఉండవు. ఇక్కడ 12 వేల వరసలున్నాయి. పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ ఒక చిక్కుంది. అది నా కారుది మాత్రమే కాదు, ఈ పద్ధతితో పుట్టినప్పటి నుంచీ ఉంది. 1980ల చివర్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డీన్ పోమర్లో అనే పరిశోధకుడు 'ఆల్విన్' అనే నెట్‌వర్క్‌తో ఒక వ్యానుకి ఇలాగే డ్రైవింగ్ నేర్పాడు. దాని కెమెరా బొమ్మ 30 చుక్కలు ఇటు, 32 చుక్కలు అటు. నా గాడిద కంటే చూపు మందం. మనిషిని చూసి నేర్చుకుంది, నడిచింది. కానీ నడిపే మనిషి మంచి డ్రైవరు అయితే బండి ఎప్పుడూ రోడ్డు మధ్యలోనే ఉంటుంది. రోడ్డు అంచుకి జారిపోయిన బొమ్మ నెట్‌వర్క్‌కి ఒక్కటీ కనబడదు. తీరా తను నడిపేటప్పుడు ఏ కొంచెం పక్కకి జరిగినా, ఎన్నడూ చూడని చోట ఉంటుంది. అక్కణ్నుంచి ఎలా రావాలో ఎవరూ చూపించలేదు కనుక ఇంకొంచెం జరుగుతుంది. అంటే గురువు ఎంత గొప్పవాడైతే శిష్యుడికి అంత ప్రమాదం. పోమర్లో, కెమెరా బొమ్మల్ని కంప్యూటర్‌లోనే పక్కకి జరిపి, అలా జరిగితే ఎంత తిప్పాలో లెక్కకట్టి కలిపాడు. 2016లో ఎన్విడియా వాళ్లు 72 గంటల డ్రైవింగ్ రికార్డుతో పెద్ద కారుకి నేర్పినప్పుడు ముందు అద్దం దగ్గర ఒకటి కాదు, మూడు కెమెరాలు పెట్టారు. ఎడమ కెమెరా బొమ్మని 'ఎడమకి జారిన బండి చూసేది'గా, కుడిదాన్ని కుడికి జారినట్టుగా చూపించారు. నా బండికున్నది ఒక్క కన్నే. కాబట్టి రికార్డింగ్ ఆపి కావాలని కారుని అంచుకి తీసుకెళ్లాలి, రికార్డింగ్ మొదలుపెట్టి వెనక్కి తేవాలి. జారడం నేర్పకూడదు, తేరుకోవడం మాత్రమే నేర్పాలి.

ఇదంతా నాన్నకి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ మొదలుపెట్టాను. సగంలోనే ఆపాడు.

"క్లీనర్‌కి బండి నేర్పేటప్పుడు అంతేగా" అన్నాడు.

తెల్లవారుజామున మూడింటికి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు క్లీనర్ కుర్రాడిని సీట్లో కూర్చోబెడతారట. వాడు తిన్నగా నడిపినంతసేపూ వాడికేమీ రానట్టే లెక్క. పక్కన కూర్చున్న గురువు ఒక చేత్తో స్టీరింగ్ కొంచెం మట్టి మార్జిన్ వైపు లాగి వదిలేస్తాడు. ఎడమ చక్రం తారు దిగుతుంది. కుర్రాడు భయపడి ఒక్కసారిగా కుడికి తిప్పాడంటే ఆ రోజుకి సీటు దిగాల్సిందే, ఎందుకంటే లోడు బండి అక్కడే పడిపోతుంది. మెల్లగా, యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు తొక్కకుండా, చక్రాన్ని తారు మీదకి ఎక్కించినవాడే డ్రైవరు. "నన్ను మా గురువు తుని దగ్గర దింపాడు, నేను ఇద్దరు ముగ్గురిని దింపా" అన్నాడు, మామూలుగా.

పోమర్లో ఎవరో నాన్నకి తెలియదు. ఆయన గురువుకీ తెలియదు. ఆ మర్నాడు ఉదయం నాన్న అరగంటసేపు కారుని అంచుకి దింపి ఎక్కించాడు. రికార్డింగ్ బటన్ నొక్కడం నా పని. నాకు తోచిన జారుడు నాలుగు రకాలు. ఆయన దగ్గర పదకొండు ఉన్నాయి. మలుపు లోపలి అంచుకి తగిలితే ఒకలా, బయటి అంచుకి పోతే ఇంకోలా, మలుపు అయిపోయాక తోక ఊగితే మరోలా.

నెట్‌వర్క్‌కి శిక్షణ గూగుల్ కోలాబ్‌లో ఇచ్చాను. అక్కడ ఉచితంగా దొరికే గ్రాఫిక్ ప్రాసెసర్ మీద కాఫీ తాగి వచ్చేలోపు అయిపోయింది. ఫైలు కారులోకి ఎక్కించి, రోడ్డు మీద పెట్టి, చేతులు తీసేశాం. కారు కదిలింది. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. అమ్మ చేతిలో చాటతో నిలబడి "ఎవరూ తిప్పట్లేదా, నిజంగా?" అని మూడుసార్లు అడిగింది.

మూడో మలుపు ఎడమకి. అక్కడ కారు చేసిన పని చూసి నేను పగలబడి నవ్వాను. ఎడమకి తిరగాల్సిన చోట ముందు కొంచెం కుడికి జరిగింది, గీత దాకా వెళ్లి, అప్పుడు ఎడమకి తిరిగింది. ప్రతి చుట్టులోనూ అదే. నాన్న మాత్రం నవ్వలేదు. "మరి వెనక చక్రాలు రావాలి కదా" అన్నాడు. పొడుగు బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి. అందుకని లారీ డ్రైవరు ముందు ఎదురు వైపు జాగా తీసుకుని తిరుగుతాడు. ముప్పై సెంటీమీటర్లు లేని కారుకి ఆ అవసరమే లేదు. కానీ ఆయన వేలు తనకి తెలియకుండానే జాగా తీసుకుంది, కెమెరా అది చూసింది, నెట్‌వర్క్ దాన్నీ నేర్చుకుంది. పుస్తకాల్లో దీన్ని 'బిహేవియరల్ క్లోనింగ్' అంటారు. నడవడికకి నకలు తీయడం. నకలు తీసే యంత్రానికి ఏది అవసరం, ఏది అలవాటు అన్న తేడా తెలియదు. మా గాడిద ఆరు చక్రాల లారీ అనుకుని తిరుగుతోంది.

సాయంత్రానికి ఇంకో సంగతి బయటపడింది. పొద్దున చక్కగా తిరిగిన బండి నాలుగు గంటలకి ట్యాంకు మలుపు దగ్గర తిన్నగా పిట్టగోడకేసి వెళ్లింది. మళ్లీ పెట్టినా అంతే. నెట్‌వర్క్ బొమ్మలో ఎక్కడ చూసి నిర్ణయం తీసుకుంటోందో రంగు వేసి చూపించే సదుపాయం ఈ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. వీడియో తీసి చూశాం. మిగతా మూడు మలుపుల్లో సున్నపు గీతలు వెలుగుతున్నాయి. ట్యాంకు మలుపులో గీత మీద వెలుగు లేదు, నల్లటి ట్యాంకు మీద ఉంది! 'నల్లగా పెద్దది ఎడమన కనిపిస్తే కుడికి తిరుగు' అని సొంతంగా కొండగుర్తు పెట్టుకుంది. సాయంత్రం ట్యాంకు నీడ రోడ్డు మీద పడి, నలుపు ఇంకో చోటికి మారేసరికి తలకిందులైంది. ఎవరూ చెప్పని నియమం అది. పరీక్షకి నోట్సు అర్థం చేసుకోకుండా పేజీలో ఏ మూల ఏముందో గుర్తుపెట్టుకుని రాసే పిల్లలు మా క్లాసులో ఉండేవాళ్లు, వాళ్లే గుర్తొచ్చారు. బొమ్మలో పై భాగం కత్తిరించి రోడ్డు మాత్రమే చూపించాం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా మళ్లీ రికార్డు చేశాం. అప్పుడు కుదిరింది. అయినా బట్టల తీగ మీద అమ్మ ఎర్ర చీర ఆరేసిన రోజు దాని నీడ దగ్గర ఇప్పటికీ కొంచెం తడబడుతుంది.

బ్యాటరీ దిగే కొద్దీ అదే యాక్సిలరేటర్‌కి వేగం తగ్గిపోవడం నాన్నకి అస్సలు నచ్చలేదు. "డీజిల్ సగం అయితే లారీ సగం స్పీడుతో పోతుందా?" అని అడిగాడు. దానికి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే సెన్సరు పెట్టాలి. ఇంకా పెట్టలేదు.

కనుమ రోజు సాయంత్రం, కారుని తుడిచి పెడుతుంటే, నేను ఎదురుచూస్తున్న ప్రశ్న వచ్చింది. "అయితే ఇది పెద్దదైతే లారీ అవుద్దా?"

అవుతుంది అని చెప్పాను. 2025లో టెక్సస్‌లో డల్లాస్, హ్యూస్టన్ మధ్య అరోరా అనే కంపెనీ డ్రైవర్ లేకుండా సరుకు లారీ నడిపిందని చెప్పాను. అది మన బండిలాగా ఒక్క కెమెరాతో, నకలు చదువుతో నడిచేది కాదని, లైడార్లూ రాడార్లూ బోలెడు ఉంటాయని కూడా చెప్పాను. మన దగ్గర అలాంటివి రానివ్వం, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనే అన్నారని చెబితే, "మంత్రులు మాట మీదే ఉంటారా ఏంటి" అన్నాడు. మరోవైపు పనీ జరుగుతోంది. సంగారెడ్డి దగ్గర కందిలో, ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో డ్రైవర్ లేని వాహనాలని పరీక్షించడానికి 'తిహాన్' పేరుతో ప్రత్యేకంగా రోడ్లు వేశారు, 2022లో మొదలైంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు మన రోడ్ల ఫొటోలు పదివేలు తీసి, అందులో ఏది ఏమిటో గుర్తులు పెట్టి పరిశోధకులకి ఇచ్చారు. విదేశీ ఫొటోల కట్టల్లో ఆటో అనే జాతే ఉండదు. వీళ్లు ఆటోకి వేరే పేరు, జంతువులకి వేరే పేరు, తారు పక్కన బండి దిగగల మట్టికి వేరే పేరు పెట్టారు. ఫోన్‌లో ఆ ఫొటోలు చూపించాను. నాన్న ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. ఒక ఫొటోలో రోడ్డు పక్కన గేదెలున్నాయి.

"గేదె అని రాశారు, బానే ఉంది. దాటుద్దా దాటదా అని రాయలేదే?"

తల ఎత్తి ఉంటే దాటుతుందట, దించి మేస్తుంటే దాటదట. దూడ అవతల ఉంటే మాత్రం తల దించినా నమ్మకూడదట. ఒంగోలు దాటాక తెల్లవారుజామున గొర్రెల మంద వస్తే ముందున్న గొర్రెని కాదు, వెనక మనిషి కర్ర ఎటు ఊపుతున్నాడో చూడాలట. ఒక్కసారి మొదలుపెట్టాక ఆయన గంటసేపు మాట్లాడాడు. చిన్నప్పటి నుంచీ విన్న ముప్పై వాక్యాలు ఆ గంటలో మూడొందలయ్యాయి. నేను ఫోన్‌లో రికార్డు చేశాను. ఆయనకి చెప్పే చేశాను.

ఉద్యోగాల సంగతికి నా దగ్గర జవాబు లేదు. ఆయనకి నచ్చజెప్పే జవాబు చెప్పగలను, కొత్త పనులు వస్తాయి, ఒకటి పోతే ఇంకోటి వస్తుంది అని. మా ఆఫీసు మీటింగుల్లో అదే చెబుతారు. నేను ఆరు నెలలు నేర్చుకుని రాసే కోడ్‌ని ఇప్పుడు యంత్రం ఆరు నిమిషాల్లో రాస్తోంది. మా టీములో పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం, తొమ్మిది మందిమి ఉన్నాం. ఆ మాట నాన్నతో అంటే, "మరి నీ పనికి కూడా నీతోనే నేర్పించుకున్నారా?" అన్నాడు. అవునన్నాను. మా కోడ్ చూసే నేర్చుకుంది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేర్పినోడికి కూలి ఇవ్వాలి కదా" అన్నాడు. గాడిద బండి ఫోల్డర్‌లో నాన్న పేరుతో ఉన్న ఫైలు వైపు చూశాను. ఆయన నడిపిన 70 నిమిషాలు, ఆయన అర సెకను, ఆయన జాగా తీసుకోవడం, అన్నీ కలిపి కొన్ని మెగాబైట్లు. వాట్సాప్‌లో పంపించేయొచ్చు.

పండగ అయ్యాక కారు మా ఇంట్లోనే వదిలి వచ్చాను. పక్కింటి అబ్బాయి పాలిటెక్నిక్ రెండో ఏడాది. "అక్కా, పంతొమ్మిది వేలంటే మావాళ్లు ఇవ్వరు" అన్నాడు. వాడికోసం ఇంకో లెక్క వేశాం. హాబీ కారు తీసేసి, రోబో ప్రాజెక్టులకి వాడే పసుపు గేరు మోటార్లు నాలుగున్న చట్రం, ఎల్298ఎన్ అనే మోటారు బోర్డు. ఈ రెండూ కలిపి ఏడు వందల యాభై. ముందు చక్రాలు తిరగవు. ఎడమ మోటార్లు నెమ్మదించి, కుడివి వేగం పెంచితే బండి ఎడమకి తిరుగుతుంది, ట్రాక్టరు బురదలో ఒక వైపు బ్రేకు తొక్కి తిరిగినట్టు. ఆ 'కొంచెం' ఇందులోనూ ఉంది, మోటార్ల వేగాన్ని కొద్దికొద్దిగా మార్చొచ్చు కనుక. తక్కువ మెమరీ ఉన్న పై నాలుగు వేలు. కెమెరా, కార్డు, బ్యాటరీలతో కలిపి ఏడు వేల లోపు. నలుగురు స్నేహితులు పంచుకుంటే మనిషికి పద్దెనిమిది వందలు కూడా పడదు. ఫైనలియర్ ప్రాజెక్టు రెడీమేడ్‌గా కొంటే ఇంతకంటే ఎక్కువే అడుగుతారు, అదీ పెట్టె విప్పి లోపల ఏముందో చూడకుండానే సబ్మిట్ చేసేస్తారు. ఈ కుర్రాళ్ల బండి మాత్రం మూడు వారాలుగా విప్పీ బిగించీ స్క్రూల తలలు అరిగిపోయాయట.

నాన్న రోజూ సాయంత్రం నాలుగింటికి డాబా ఎక్కుతున్నాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది. కుర్రాళ్లు నడిపిన రికార్డుల్లో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో ఆయనే చెబుతున్నాడట. కుదుపులున్నవి తీసేయమంటాడు, తేరుకున్నవి ఉంచమంటాడు. కుర్రాళ్లు ముప్పై రూపాయల బజర్ ఒకటి తెచ్చి ఆయన అడిగిన హారన్ పెట్టారు. ఇప్పుడు కొత్త కోరిక మొదలైంది. అట్టపెట్టెకి రెండు చక్రాలు బిగించి కారు వెనక ట్రైలర్‌లా తగిలించాడు. దాన్ని రివర్సులో రెండు ఇటుకల మధ్య పెట్టమంటాడు. ట్రైలరు ఎడమకి వెళ్లాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి, అదీ ఎంతసేపో తెలిసి మళ్లీ ఎడమకి కోయాలి. ముందుకి చూసే ఒక్క కెమెరాతో ఇది కాదు, వెనక ఇంకోటి కావాలి. పన్నెండు వందలు. ఆర్డరు పెట్టాను, శనివారానికి వస్తుందట.